తెల్లగా వదిలిన సున్న

ఫిబ్రవరి 4

అక్కకు నమస్కారం.

ఫోన్‌లో ఈ సంగతి చెప్పాలని చాలాసార్లు మొదలుపెట్టి ఒక్కసారీ పూర్తి చేయలేకపోయాను. నేను మొదటి విషయం ముగించేలోపు నువ్వు నాలుగోదానికి వెళ్లిపోతావు. వెనక నుంచి బావగారు టీవీలో వాళ్లకు సలహాలు ఇస్తూ ఉంటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దయచేసి తీరికగా, రెండుసార్లు చదువు.

విషయం మా అమ్మాయి పిచ్చుక పళ్ల గురించి. దానికి తొమ్మిదేళ్లు నిండినా పాలపళ్లు ఊడిన చోట కొత్తవి రావడం లేదని నీకు తెలుసు. కిందటి వారం రెండు దవడలూ కనిపించేలా ఎక్స్‌రే తీయించాం. నేను నాన్నలాగే కట్టుడు పళ్లు చేసి ఇరవై ఏళ్లుగా బతుకుతున్నవాణ్ణి. దవడ అచ్చు చేతికి వస్తే చాలు, ఆ మనిషి ఏ వైపు నములుతాడో చెప్పగలను. అయినా ఆ పటాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. ఎముకలో పంటి మొలకలు ఉండవలసిన చోట్లలో ఎనిమిది ఖాళీగా ఉన్నాయి. ఊడిపోయినవి కావు, పుచ్చిపోయినవి కావు. పుట్టుకలోనే లేవు.

దంతవైద్యుడు మమ్మల్ని జన్యువుల డాక్టరమ్మ దగ్గరకు పంపాడు. గొంతు ఎత్తకుండా మాట్లాడే మనిషి. నాకు ఎన్ని లేవని అడిగింది. ఆరు లేవని, వాటిలో రెండు చోట్ల ఇప్పటికీ పాలపళ్లే పని చేస్తున్నాయని చెప్పాను. నలభై అయిదేళ్ల మనిషి నోట్లో పాలపళ్లు చూసి ఆమె నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుంది. నాన్న సంగతి కూడా విని కాగితం మీద మన కుటుంబ పటం గీసింది. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నలు. పళ్లు లేనివారివి నల్లగా నింపుతుంది, ఉన్నవారివి తెల్లగా వదిలేస్తుంది. నాన్న నలుపు, నేను నలుపు, పిచ్చుక నలుపు. అమ్మ తెలుపు, నువ్వు తెలుపు.

ఆమె చెప్పినదాన్ని నాకు అర్థమైన మేరకు రాస్తున్నాను. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మన ఇంటి లోపానికి ఒక్క ప్రతి చెడితే చాలునట. చెడిన ప్రతి ఉన్నవారికి పుట్టే ప్రతి బిడ్డకూ అది రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం. నాణెం ఎగరేసినట్టు. నాకు బొమ్మ పడింది, నీకు బొరుసు పడింది. నేను కడుపులో ఉండగా అమ్మకు వచ్చిన జ్వరానికి గానీ, చిన్నప్పుడు నేను నమిలిన బలపాలకు గానీ ఇందులో ఏ పాత్రా లేదు.

ఇక నీతో పని. నాలోనూ పిచ్చుకలోనూ వెతికితే అనుమానించదగిన తేడాలు ఒకటికి మించి దొరకవచ్చునట. హాని లేని తేడాలు మనుషులందరిలోనూ బోలెడు ఉంటాయి. వాటిలో అసలు దొంగ ఏదో తేలాలంటే అదే ఇంట్లో పుట్టి, పళ్లన్నీ ఉన్న మనిషి కావాలి. ఆ మనిషిలోనూ కనబడిన తేడాను దొంగ కాదని కొట్టేస్తారు. “మీ అక్కగారికి పళ్లన్నీ ఉన్నాయా? మీరు చూశారా?” అని డాక్టరమ్మ అడిగింది. “పుట్టినప్పటి నుంచీ చూస్తున్నానండీ” అన్నాను.

మరొక మాట, కంగారు పడవద్దు. ఈ జన్యువుల్లో ఒకటి చెడిన కొన్ని కుటుంబాల్లో పళ్లు లేకపోవడంతోపాటు పెద్దపేగులో బుడిపెలు లేస్తాయట. చూసుకోకపోతే అవే కేన్సరుగా మారతాయి. నాన్న యాభై ఒకటో ఏట కడుపు జబ్బుతో పోయారని చెప్పగానే ఆమె కలం ఆగింది. మన ఇంటిది ఆ జన్యువే అయితే నేను ఇప్పటి నుంచి, పిచ్చుక వయసు వచ్చాక, క్రమం తప్పకుండా పేగు పరీక్ష చేయించుకోవాలి. కాకపోతే అక్కర్లేదు. అందుకే నీ సహాయం పళ్ల కోసం మాత్రమే కాదు.

ఈ ఉత్తరంతో పంపిన పొట్లంలో చిన్న గొట్టం ఉంది; జన్యువులను ఉమ్మిలోనే చూస్తారట. అందులో ఉమ్మే ముందు అరగంట పాటు ఏమీ తినవద్దు, తాగవద్దు. గీత వరకు నింపాలి. నురుగు లెక్కకు రాదు. మూత బిగించాక తలకిందులు చేసి కారడం లేదని చూసుకోవాలి. ఫలితం నాకు చెప్పవచ్చునన్న కాగితం మీద సంతకం చేసి జత చెయ్యి.

ఇంత శ్రమ పెట్టినందుకు మన్నిస్తావని నమ్ముతూ,
తమ్ముడు

ఫిబ్రవరి 17

ఒరేయ్ జాబితా,

నువ్వు రాసింది ఉత్తరమా, వాషింగ్ మెషిన్‌తో పాటు వచ్చే పుస్తకమా? “నురుగు లెక్కకు రాదు” అన్న ముక్క మీ బావకి చదివి వినిపిస్తే తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది ఆయనకి. చిన్నప్పుడు నువ్వు గోడ మీద ఉమ్మితే వీపు విమానం మోత మోగించాను. ఇప్పుడు నాచేత కొలిచి ఉమ్మిస్తున్నావు. కక్ష తీర్చుకున్నావులే.

పిచ్చుక గురించి చదివి మనసు పాడైంది. దాన్ని ఎవరైనా ఏమైనా అంటే నాకు చెప్పు, వచ్చి వాళ్ల పని పడతాను. తొమ్మిదేళ్ల పిల్లకి ఎక్స్‌రేలూ పటాలూ ఎందుకురా, పెద్దయ్యాక నువ్వే చక్కగా కట్టి పెట్టవూ?

నిజం చెప్పనా, నేను లేకుండా ఆ పని జరగదా అని అడుగుదామనుకున్నా. పది రోజులు ఆ గొట్టం సొరుగులోనే ఉంది. తీస్తాను, చూస్తాను, మళ్లీ పెడతాను. పంపకపోతే నువ్వు ఆరు నెలలు అలుగుతావు, నాకు తెలుసు. అందుకని పంపుతున్నా. నా పళ్ల గురించి మాత్రం నన్నేం అడక్కు. నవ్వడానికి పనికొస్తున్నాయి, నమలడానికి పనికొస్తున్నాయి, అంతే.

కళ్లజోళ్ల దుకాణంలో నా పని ఎలా ఉందని అడిగావు కిందటిసారి. ఏముంది, వచ్చినవాళ్ల మొహం ముందు అద్దం పట్టుకుని “మీకు బాగా నప్పిందండీ” అని నవ్వుతుండాలి. ఒకాయన నిన్న ఇరవై ఫ్రేములు పెట్టుకుని చూసి, చివరికి పాతదే బాగుందని వెళ్లిపోయాడు. అచ్చం నీలాంటివాడు.

మరదల్ని అడిగానని చెప్పు. పిచ్చుకకి ముద్దులు.
అక్క

మే 9

అక్కకు నమస్కారం.

ముందుగా శుభవార్త, తరువాత వివరాలు.

భయపడవలసినది కాదని తేలింది. తేల్చినది నువ్వు.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. నాలోనూ పిచ్చుకలోనూ కలిసి కనిపించిన తేడాలు రెండు. మొదటిది నేను భయపడిన ఆ పేగు సంబంధమైన జన్యువులో ఉంది. రెండోది పళ్ల మొలకలకు మాత్రమే సంబంధించిన మరో జన్యువులో ఉంది. ఇక నీలో చూస్తే మొదటిది ఉంది, రెండోది లేదు. పళ్లన్నీ ఉన్న నీలో అది ఉన్నదంటే పళ్లను ఆపినది అది కాదన్నమాట. కనుక మన ఇంట్లో అది హాని లేని తేడా అని ఆమె అభిప్రాయపడింది. “మీ అక్కగారి పళ్ల మాట మీరు చెప్పినట్టే అయితే” అని మధ్యలో ఒక మాట అన్నది. వైద్యులకు అలా షరతులు పెట్టి మాట్లాడడం అలవాటు.

కాబట్టి ఆ జన్యువు పేరు చెప్పి నాకు గానీ పిచ్చుకకు గానీ ఇప్పుడు పేగు పరీక్ష అక్కర్లేదు. నాన్నది కేవలం నాన్న దురదృష్టం. ఈ మాట విని నీ మరదలు ఆ గదిలోనే ఏడ్చింది. దారిలో పిచ్చుక, “అమ్మ ఎందుకేడుస్తోంది, నాకు పళ్లొస్తాయన్నారా?” అని అడిగింది. రావు, కానీ వేరే భయం లేదని చెప్పాను. దానికి ఆ వేరే భయమేమిటో తెలియదు కనుక నిరాశపడింది.

అక్కా, ఒక మాట రాయాలి. చిన్నప్పుడు నీ పళ్లు చూసి నేను అసూయపడేవాణ్ణి. అదే నోరు ఈరోజు నా బిడ్డకు రక్షగా నిలిచింది. ఆ అసూయకు సిగ్గుపడుతున్నాను.

కృతజ్ఞతతో,
నీ తమ్ముడు

మే 24

తమ్ముడూ,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. మళ్లీ ఇంటికి వచ్చి చదివాను. కొట్టేశారా? అంత తేలిగ్గానా? ఆవిడ కొత్తగా చదువుకుని వచ్చిందేమో, ఇంకొకళ్లకి చూపించరాదూ?

నువ్వు ఒక పని చెయ్యి. పళ్ల సంగతీ, నా సంగతీ పక్కన పెట్టు. ఊరికే వెళ్లి ఆ పేగు పరీక్ష చేయించుకో. మా దుకాణానికి కళ్లజోడు కోసం వచ్చే డాక్టరు గారొకాయన ఉన్నారు. నలభై అయిదు వచ్చినవాళ్లు ఎలాగూ చేయించుకోవాలన్నారు. నాన్న ఎలా పోయారో మనిద్దరికీ తెలుసు కదరా. ఆ చివరి నెలల్లో మంచం పక్కన కూర్చున్నది నువ్వే.

నా మాట విను. ఎందుకు చెబుతున్నానో అడక్కు, విను.

అక్క

జూన్ 6

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం నన్ను కొంచెం నొప్పించింది. డాక్టరమ్మకు అనుభవం లేదని నువ్వు అనుకోవడం సరికాదు. ఆమె తన ఊహతో తేల్చలేదు, నీ లాలాజలంతో తేల్చింది. నిన్ను నమ్మక నేను ఇంకెవరిని నమ్మాలి?

నీ బాధ నాకు అర్థమైంది. నాన్నకు చివరి రోజుల్లో సేవ చేయడానికి నువ్వు దగ్గర లేవు. ఆ బెంగ ఇలా నా మీద జాగ్రత్తగా బయటపడుతోందని అనుకుంటున్నాను. దానికి నేను అవసరం లేని పరీక్ష చేయించుకోవడం విరుగుడు కాదు.

నా ఆరోగ్యం మాట ఎత్తావు కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వసంతం నుంచి అప్పుడప్పుడు విరేచనంలో రక్తం కనిపిస్తోంది. ఎత్తుపీట మీద కూర్చుని రోజంతా మైనం చెక్కేవాడికి మొలలు రావడం వింతేమీ కాదు. పీట మీద దిండు వేసుకున్నాను. నీ మరదలు నీ పక్షమే. మీ ఇద్దరూ కలిసి నన్ను రోగిని చేయవద్దని మనవి.

తమ్ముడు

ఆగస్టు 20

ఒరేయ్ మూర్ఖుడా,

రక్తం పడుతుంటే దిండు వేసుకున్నావా? మొలలని నీకెవరు చెప్పారు, ఆ దిండు చెప్పిందా? పట్టుకున్న కుందేలుకి మూడే కాళ్లనడం పుట్టుకతో వచ్చింది నీకు. ఏ డాక్టరమ్మకీ దొరకని జన్యువు అదొక్కటే.

ఆలస్యంగా రాస్తున్నా. పోయిన నెల రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆడవాళ్ల గొడవ, నీకు రాసేది కాదు. ఇప్పుడు బాగానే ఉన్నా.

చేయించుకోరా. నీ కాళ్లు పట్టుకుంటాను. నా మీద ఒట్టు.

అక్క

నవంబరు 2

అక్కకు.

నీ ఆగస్టు ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. మూర్ఖుడన్నావని అలిగాను. అలగడంలో ఒక నెల, పని ఒత్తిడిలో ఒక నెల పోయాయి. ఆ రెండు నెలల విలువ ఎంతో ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నాను.

ఇక్కడి బజారులో తూకాలు సరిచూడడానికి బావగారు వచ్చి మొన్న మా ఇంట్లో దిగారు. భోజనాల దగ్గర జరిగిన మాటలను జరిగినట్టే రాస్తున్నాను, ఒక్క మాటా మార్చకుండా.

“ఏమోయ్ బావమరిదీ, మొహం అలా పీక్కుపోయిందేంటి? నా త్రాసు ఎక్కు, నీ బరువెంతో గ్రాములతో సహా చెప్తా.”

“మీరైనా చెప్పండి అన్నయ్యగారూ,” అని నీ మరదలు అందుకుంది. “రక్తం పోతోంది. మొలలంటారు. చూపించుకోమంటే కొట్టినంత పని చేస్తారు.”

“మొలలకి ఏడుపెందుకు? మీ వదినలాగా ఆ గొట్టం పరీక్ష చేయించెయ్. ఒక్కరోజు పని. ముందురోజు తాగించే మందుందే, అదీ అసలు నరకం! మీ వదిన గదికీ బాత్రూముకీ కవాతు చేసింది, నేను తలుపు దగ్గర సెంట్రీ.”

“ఏ పరీక్ష బావగారూ?”

“పేగుదయ్యా! జులైలో. నాలుగు బుడిపెలు తీసేశారు. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే కథ వేరేగా ఉండేదన్నాడు డాక్టరు. నీకు తెలీనట్టు మాట్లాడతావేంటోయ్? నువ్వే చేయించుకోమన్నావట కదా. ‘తమ్ముడు ఉత్తరంలో రాశాడండీ, చేయించుకోవాలి’ అని నా ప్రాణం తీసింది.”

నీ మరదలు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నేను మంచినీళ్లు తాగాను.

మరునాడు ఆయన త్రాసులు సర్దుకుని బయటకు వెళ్లాక, నేను నా బల్ల దగ్గర కూర్చుని ఆలోచించాను. నీకు నొప్పి లేదు, రక్తం లేదు. ఉంటే బావగారు చెప్పకుండా ఉండలేరు. నువ్వు వెళ్లినది నా మే ఉత్తరం చదివి. ఆ ఉత్తరంలో నేను రాసినది భయం లేదని. భయం లేదన్న ఉత్తరం చదివి భయపడగలవారు ఒక్కరే ఉండాలి: ఆ తేడా తనలో ఉన్నదని ఆ ఉత్తరం వల్ల తెలుసుకున్నవారు, తన నోట్లో పళ్లు లేవని అంతకుముందే తెలిసినవారు.

ఆ పటం కోసం నేను పెదనాన్న పిల్లల నోళ్లు కూడా దీపం పెట్టి చూశాను. వాళ్లు నవ్వినా, విసుక్కున్నా వదలలేదు. నీ ఒక్కదానివే చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు.

నాకు రక్తం పడుతోందని జూన్‌లో నీకు రాశాను. జులైలో నువ్వు వెళ్లి నీ బుడిపెలు తీయించుకున్నావు, నా పేరు చెప్పి. ఆగస్టులో నాకు ఆడవాళ్ల గొడవ అని రాశావు.

అక్కా, నీకెన్ని లేవు?

నవంబరు 11

తమ్ముడూ,

ఆరు. నీలాగే ఆరు.

పైన ముందు రెండు, దవడల్లో నాలుగు. నీలాగే పాలపళ్లు చాలా ఏళ్లు నిలబడ్డాయి, అందుకే చిన్నప్పుడు ఎవరికీ తెలీలేదు. పెళ్లి కుదరడానికి రెండు నెలల ముందు ఆ ముందుపళ్లు రెండూ ఊడాయి. నాన్న పనిగది తలుపు నెల రోజులు మూసి ఉంచారు, గుర్తుందా? లోపల కూర్చున్నది నేను. ఒక్కో పన్నూ చెక్కి, నా నోట్లో పెట్టి, తీసి, మళ్లీ చెక్కేవారు. మీ బావ వాళ్లమ్మ, నాన్న నోరూ నీ నోరూ చూసి, “అమ్మాయికి కూడా ఇలాగేనా?” అని మొహం మీదే అడిగింది. “మా అమ్మాయికి ముత్యాల్లా ఉంటాయండీ” అన్నారు నాన్న. ఆ ముత్యాలకి అప్పటికి వారం వయసు. ఎవరికీ చెప్పనని నాచేత చేతిలో చెయ్యి వేయించుకున్నారు, నీకు కూడా.

నీ పాలపళ్లు చూసి ఇంటిల్లిపాదీ ముద్దుచేసేవాళ్లు. మగపిల్లాడివి. నావి ఊడితే తలుపేశారు. ఆ తేడాకి ఏ డాక్టరమ్మ పటం గీస్తుందో అడుగు.

ఇరవై ఆరేళ్లురా. పక్కన పడుకునే మనిషికి తెలీకుండా, దవడవి పుచ్చితే తీయించానని చెప్పి, ముందువాటిని కాపాడుకుంటూ. రొట్టె కూడా తుంచుకునే తింటాను, ఎప్పుడూ కొరకను. ఆ గొట్టంలో ఉమ్మేటప్పుడు ఇదంతా బయటపడదులే, ఉమ్మిలో పళ్లుంటాయా అనుకున్నాను. నా ఉమ్మి నీ మీదికి ఇలా తిరుగుతుందని నాకెలా తెలుస్తుంది?

నీకు చెప్పలేదనకు. రెండు ఉత్తరాల్లో చెప్పాను చూపించుకోమని. చెప్పలేనిది ఒక్క ముక్కే. అది రాస్తే నువ్వు డాక్టరమ్మకి చెప్తావు, ఆవిడ కాగితం మీద ఎక్కిస్తుంది, ఆ కాగితం ఏదో ఒకరోజు ఈ ఇంటికి వస్తుంది. నువ్వు నా మాట మీద వెళ్లి ఉంటే ఇద్దరికీ సరిపోయేది. ఎందుకు వెళ్లలేదురా?

మీ బావకి మాత్రం చెప్పకు. తిట్టు, ఉత్తరాలు మానెయ్, ఏమైనా చెయ్. ఆయనకి చెప్పకు.

అక్క

నవంబరు 24

అక్కకు.

ఎందుకు వెళ్లలేదని అడిగావు. నువ్వు చెప్పిన రెండుసార్లూ కారణం చెప్పకుండా చెప్పావు. నేను కారణం లేని పని చేయనివాణ్ణని నీకంటే బాగా తెలిసినవారు లేరు.

తలుపు మూసిన ఆ నెల నాకు గుర్తుంది. నా చేతులు మొద్దువని, ఈ పనికి పనికిరానని నాన్న నన్ను బయట పెట్టారనుకున్నాను. ఆయన దగ్గర మళ్లీ ఎన్నడూ పని అడగలేదు. ఆయన పోయాక ఆయన పనిముట్లతో, పాడైన అచ్చులతో, ఒక్కణ్ణే కూర్చుని నేర్చుకున్నాను. మీరిద్దరూ ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆయన పక్కన కూర్చుని నేర్చుకునేవాణ్ణి.

పరీక్ష అయింది. బుడిపెలు చాలా ఉన్నాయి. ఒకటి కేన్సరుగా మారింది. డిసెంబరు ఒకటిన పేగులో ఆ భాగం కోసి తీస్తారు. ఎంతవరకు పాకిందో కోశాక గానీ తెలియదు. వసంతంలోనే చూసి ఉంటే ఆ పరీక్ష గొట్టంతోనే తీసేసేవాళ్లమేమోనని డాక్టరు అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగా అన్నాడు. ఆయనకు మన కథ తెలియదు.

నువ్వు చేయవలసినవి రెండున్నాయి. జన్యువుల డాక్టరమ్మకు నువ్వే, నీ గొంతుతో, నిజం చెప్పాలి. నేను చెప్పబోతే, “అప్పుడు చూశానన్నారు కదండీ?” అంటుంది, ఆ గదిలో నా మాట ఇక చెల్లదు. ఆమె నమ్మితేనే పిచ్చుకను ఏ వయసు నుంచి కనిపెట్టి ఉండాలో నిర్ణయిస్తుంది. తరువాత, నీ కొడుకులిద్దరికీ చెప్పాలి. వాళ్ల పళ్లు సరిగా ఉన్నాయని ధైర్యపడవద్దు, ఆ తేడా ఉన్నదీ లేనిదీ పరీక్షలోనే తేలుతుంది. ఈ రెండూ ఈ నెలాఖరులోగా జరగకపోతే నేనే మేనల్లుళ్లకు రాస్తాను.

బావగారికి చెప్పను. అది నీ కోసం కాదు. ఆయన మా ఇంట్లో అన్నం తిని, నా బరువు తక్కువగా ఉందని బాధపడి వెళ్లారు.

మేం గదిలో మాట్లాడుకుంటుంటే పిచ్చుక విన్నది. బడిలో అది నోరు చేత్తో మూసుకునే నవ్వుతుందని వాళ్ల టీచరు చెప్పింది. “అత్తకి కూడా లేవా నాన్నా?” అని అడిగింది. అవునన్నాను. కాసేపు దాని మొహం వెలిగింది. తరువాత, “మరి నేనేడ్చినప్పుడు నాకెందుకు చెప్పలేదు?” అని అడిగింది. నేను చెప్పులు వెతుక్కుంటూ బయటకు వెళ్లిపోయాను.

తమ్ముడు

డిసెంబరు 14

తమ్ముడూ,

ఆపరేషన్ అయిందనీ, నువ్వు ఇంటికి వచ్చావనీ మరదలు ఫోన్‌లో చెప్పింది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. నేను రావాల్సింది. పెట్టె సర్దాను, రాలేకపోయాను. నువ్వు నన్ను చూసే చూపు తలుచుకుని ఆ పెట్టె మళ్లీ విప్పేశాను.

నీ డాక్టరమ్మకి దుకాణం వెనక గదిలోంచి ఫోన్ చేశాను. అన్నీ చెప్పాను. “సరేనండీ, మీ సున్న నింపుతున్నాను” అంది. ఎందుకు దాచారని ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. పిల్లలిద్దరికీ తాతగారి జబ్బు మన ఇంట్లో ఉందని చెప్పాను, పరీక్షకి రోజు కూడా తీసుకున్నారు. పళ్ల ముక్క చెప్పలేదు. అవసరం లేదు కదా.

ఇప్పుడు అడగబోయేది అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నా. పోయిన వారం ముందువి పగిలాయి. ఏమీ కొరకలేదు, తుమ్మానంతే. నాన్న కట్టినవే, ఇన్నేళ్లు నిలిచాయి. జలుబని చెప్పి మొహానికి మాస్కు కట్టుకుని తిరుగుతున్నా. మీ బావ ఊళ్లు తిరగడానికి వెళ్లారు, నెలాఖరుకి వస్తారు. ఇక్కడ ఒకతను చూసి, ఇంత సన్నపని మావల్ల కాదు, కొత్తరకం పెడతాం, తేడా తెలుస్తుంది అన్నాడు. తేడా తెలియకూడదురా. నాన్న చెయ్యి నీకొక్కడికే వచ్చింది. అతని చేత అచ్చు తీయించి, పగిలిన ముక్కలతో సహా పంపుతున్నా. నువ్వు కూర్చోగలిగితేనే. ఆయన వచ్చేలోపు అయితే...

ఒంటి మీద జాగ్రత్త. కోపం ఎంతైనా ఉంచుకో, తిండి మానకు.

అక్క

డిసెంబరు 20

అక్కకు.

పొట్లం అందింది.

ఇప్పుడు ఒకసారికి గంటకు మించి కూర్చోలేను. చుట్టుపక్కల గ్రంథులకు కూడా పాకిందట. వచ్చే నెల నుంచి మందు ఎక్కిస్తారు. ఎంతకాలమని అడిగితే డాక్టరు మందు ఎంతకాలమో చెప్పాడు. నేను అడిగినది అది కాదు.

కూర్చోగలిగిన ఆ గంటలో నాన్న పని చూశాను. రెండు ముక్కలూ కలిపి కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాను. పంటి అంచున సన్నటి మసక గీత పెట్టారు, నిజమైన పంటికి ఉండేలాంటిది. ఒకదాన్ని పక్కదానికంటే వెంట్రుకవాసి వంకరగా నిలబెట్టారు. నేను ఇన్నేళ్లలో ఇంత మంచి పని చేయలేదు, చూడనూ లేదు. రోజూ నా ఎదుట నవ్వుతున్నా దాన్ని పట్టుకోలేకపోయాను. ఆ విషయంలో నీ మీద కోపం లేదు. మిగతా విషయాల్లో ఉంది. అది తగ్గుతుందని నీకు మాట ఇవ్వలేను. నా దగ్గర ఉన్న కాలం దానికి చాలుతుందో లేదో తెలియదు.

అచ్చు తిప్పి పంపుతున్నాను. ఎవరో తీసిన అచ్చు మీద, ఎదురుగా మనిషి లేకుండా నేను పని చేయను. కావాలంటే నువ్వే రావాలి. బావగారికి చెప్పడానికి సాకు వెతకనక్కర్లేదు; తమ్ముణ్ణి చూడడానికి వెళుతున్నానని చెప్పు, అబద్ధం కూడా కాదు. కొత్తవి కుదిరేదాకా ఇక్కడ ఉండాలి. ఇంట్లో మాస్కు పెట్టుకోకూడదు. లేని పళ్లతోనే మాతో కూర్చుని తినాలి, మాట్లాడాలి. పనిగదికి తలుపు వేయను. పిచ్చుక నీ పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది.

నీ మరదలు నీతో మాట్లాడకపోవచ్చు. నేను కొలతలు మాత్రమే అడుగుతాను. నువ్వు మాట్లాడవలసినది పిచ్చుకతో. అది నిన్ను ఒకటి అడగాలని కాచుకుని ఉంది. నన్ను అడిగితే అత్తనే అడగమన్నాను.

తమ్ముడు